నాలుక తిరగని పేర్లు: వేదిక మీద చదివేవారికి ఒక సహాయ పట్టిక



కొన్ని వారాల క్రితం, నెలకొకసారి జరిగే మా ఇంగ్లీషు ఆరాధనలో, పాత నిబంధన పాఠం చదవడానికి ఒక డిగ్రీ విద్యార్థిని లేచింది. ఆ వారం పాఠం యోబు గ్రంథం నుండి. ఆమె ఆ పేరును ఉద్యోగం అనే అర్థమిచ్చే 'జాబ్' లాగే చదివింది. వెనుక బల్లల్లో ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆమె పాఠం చివరిదాకా చదివే కూర్చుంది గానీ, మరుసటి నెల చదువరుల జాబితాలో తన పేరు వేయవద్దని వాళ్లమ్మతో చెప్పి పంపింది. నవ్వినవారిని మేము మందలించలేదు. నిజం చెప్పాలంటే, ఆ పూట మేము కూడా పెదవి బిగబట్టి నవ్వు ఆపుకున్నవారమే. ఆ అప్పు మా మీద ఉంది. అందుకే ఈ వారం ఈ స్థలాన్ని ఒక పట్టికకు ఇస్తున్నాము. కత్తిరించి బైబిలులో పెట్టుకోండి, పిల్లలకు ఇవ్వండి.

మా సంగతి కూడా చెబుతాము. సెమినరీలో మొదటి ఏడాది, కింగ్ జేమ్స్ తర్జుమాలో మత్తయి 14:15 చదువుతూ, ఆహార పదార్థాలు అనే అర్థమున్న ఒక మాటను అక్షరాలను బట్టి 'విక్చువల్స్' అని పలికాము. దాన్ని 'విటల్స్' అని పలకాలి. మా గురువుగారు తరగతిలో ఏమీ అనలేదు. పాఠం అయ్యాక పక్కకు పిలిచి, ఒక్కసారి పలికి వినిపించి, భుజం తట్టి పంపారు. ముప్పై ఏళ్లు దాటినా ఆ మాటా మరవలేదు, ఆయన పక్కకు పిలిచి చెప్పిన తీరూ మరవలేదు.

ఒక్క అక్షరం ఖరీదు

ఉచ్చారణ చిన్న విషయమని ఎవరైనా అంటే న్యాయాధిపతులు 12వ అధ్యాయం చూపించండి. గిలాదువారు యొర్దాను రేవుల దగ్గర కాపు కాసి, దాటబోయే ప్రతివానిని 'షిబ్బోలెతు' అని పలకమన్నారు. ఎఫ్రాయిమీయులకు 'ష' పలకదు, 'సిబ్బోలెతు' అన్నారు. ఆ తేడాతో పట్టుబడి, ఆ కాలమున చచ్చినవారు 42,000 మంది. ఆ మాటకు అర్థం ధాన్యపు వెన్ను అనీ, నీటి ప్రవాహం అనీ చెబుతారు. ఇంగ్లీషులో నేటికీ 'షిబలెత్' అంటే 'మనవాడా పరాయివాడా అని తేల్చే మాట' అని అర్థం.

పేతురును కూడా ప్రధాన యాజకుని ఇంటి ముంగిట పలుకు తీరే పట్టి ఇచ్చింది (మత్తయి 26:73). ఆ గలిలయ నోటితోనే పెంతెకొస్తు దినాన ఆయన లేచి నిలిచి మాట్లాడాడు. యాస సరిదిద్దుకున్నాక రమ్మని ఆత్మ ఆయనతో అనలేదు. ఈ రెండు సంగతులనూ మనసులో ఉంచుకొని కింది పట్టిక చదవండి. సరిగా పలకడం నేర్చుకోవడం మంచిదే. పలుకును బట్టి మనిషిని తూచడం రేవు దగ్గర కాపు కాయడమే.

తెలుగు 'య', ఇంగ్లీషు 'జ'

మన తెలుగు బైబిలు పేర్లు హెబ్రీ, గ్రీకు పలుకులకు దగ్గరగా ఉన్నాయి. ఇంగ్లీషుకు అవే పేర్లు లాటిను, ఫ్రెంచి దారిలో నడిచి వచ్చాయి. ఆ దారిలో మొదటి 'య' కాస్తా 'జ' అయింది. అందుకే యోబు 'జోబ్', యోహాను 'జాన్', యోసేపు 'జోసెఫ్', యెరూషలేము 'జెరూసలెమ్', యొప్పే 'జాపా'. హెబ్రీలో యోబు పేరు 'ఇయ్యోవ్'. అంటే, తెలుగులో 'యోబు' అని చదివే మన ముసలమ్మ, ఈ విషయంలో లండనులో చదివేవారికంటే మూలానికి దగ్గరగా ఉంది.

చదువరులు తరచుగా తడబడే గ్రంథాల పేర్లు ఇవి. ముందు తెలుగు పేరు, తరువాత ఇంగ్లీషు పలుకు ఇస్తున్నాము.

– యోబు: జోబ్. 'జో' దీర్ఘం.
– కీర్తన: సామ్. మొదటి 'పి', నడుమ 'ఎల్' రెండూ పలకవు.
– ద్వితీయోపదేశకాండము: డ్యూటరానమీ. గ్రీకులో 'రెండవ ధర్మశాస్త్రం' అని అర్థం. తెలుగు పేరు ఆ అర్థాన్నే చెబుతుంది.
– ప్రసంగి: ఇక్లీజియాస్టీజ్. సమాజం ముందు మాట్లాడేవాడు అని అర్థం.
– యెషయా: ఐజాయా. అమెరికాలో 'ఐజేయా' అంటారు. రెండూ సరైనవే.
– యెహెజ్కేలు: ఇజీకియల్.
– మీకా: మైకా.
– హగ్గయి: హాగై.
– మలాకీ: మలకై. 'నా దూత' అని అర్థం.
– కొలొస్సయులు: కలాషన్స్.
– ఫిలేమోను: ఫైలీమన్, లేదా ఫిలీమన్.

యెషయా, యెహెజ్కేలు పేర్లలో వచ్చే 'జ' తెలుగు 'జనం'లోని జ కాదు. 'జిందగీ', 'నమాజ్' అన్నప్పుడు వచ్చే జ. చార్మినారు చుట్టుపక్కల పెరిగిన మన పిల్లలకు ఇది ఎవరూ నేర్పనక్కరలేదు, ఉర్దూ వినీ వినీ నాలుకకు అలవాటైపోయింది. ఈ ఒక్క విషయంలో పాతబస్తీ పిల్లలు ముందున్నారు.

'సి, హెచ్' కలిసినప్పుడు

గ్రీకు, హెబ్రీ నుండి వచ్చిన మాటల్లో ఈ జంట 'క' పలుకుతుంది: క్రైస్ట్, కోరస్, జెకరయా, ఈనక్ (హనోకు), యాంటియాక్ (అంతియొకయ). ప్రధాన దూత 'ఆర్కేంజెల్', కానీ ప్రధాన బిషపు 'ఆర్చ్‌బిషప్'. ఒకే ముందు భాగం రెండు రకాలుగా పలకడం ఇంగ్లీషు చేసిన పని, అందులో చదువరి తప్పు లేదు. రాహేలు 'రేచల్', కెరూబు 'చెరబ్'. ఈ రెండూ నియమానికి లొంగవు, గుర్తుపెట్టుకోవలసిందే. గాయక బృందాన్ని 'క్వయర్' అనాలి, అక్షరాలు చూసి 'చాయర్' అనకూడదు.

పలకని అక్షరాలు కూడా కొన్ని ఉన్నాయి. 'అపాసల్' (అపొస్తలుడు), 'ఇపిసల్' (పత్రిక) మాటల్లో 'టి' వినిపించదు. 'హిమ్' (కీర్తన పాట) చివర 'ఎన్' వినిపించదు. మరోవైపు, గెత్సేమనే తోట పేరు చివరి అక్షరం ఇంగ్లీషులోనూ పలుకుతుంది: 'గెత్సెమనీ'.

కాల్వరీ, కావల్రీ

ఈ రెండు మాటలు తారుమారైన శుభలేఖలు, పోస్టర్లు మా బల్ల మీదికి ఏటా వస్తుంటాయి. 'కాల్వరీ' లాటినులో పుర్రె అనే మాట నుండి వచ్చింది. లూకా 23:33లో మన తెలుగు బైబిలు 'కపాలము' అనే చోట కింగ్ జేమ్స్ తర్జుమా ఈ మాట వాడింది. హెబ్రీ పేరు గొల్గొతాకు అర్థమూ అదే. 'కావల్రీ' అంటే గుర్రపు దళం. సికింద్రాబాదు నుండి బొల్లారం వెళ్లే రైలు మార్గంలో 'కావల్రీ బ్యారక్స్' అనే స్టేషను ఉంది, కంటోన్మెంటులో గుర్రపు దళాలు ఉన్న కాలపు పేరు అది. సిలువ వేసిన కొండకు 'ఎల్' ముందు, 'వి' తరువాత. గుర్రాలకు 'వి' ముందు. కరపత్రం అచ్చుకు పంపే ముందు ఒకసారి చూసుకోండి.

అర్థం మారిన పాత మాటలు

పలుకు తప్పితే చెవికి ఇబ్బంది, అర్థం తప్పితే బోధకే ఇబ్బంది. కింగ్ జేమ్స్ తర్జుమా అచ్చయినది 1611లో. అప్పటి మాటలు కొన్ని నేడు వేరే అర్థంలో నడుస్తున్నాయి. బడిలో నేర్చుకున్న అర్థంతో వీటిని చదివితే దారి తప్పుతాము.

– సఫర్: నేడు బాధపడు. మార్కు 10:14లో 'రానివ్వండి' అనే అర్థం. చిన్నపిల్లలు బాధపడాలని ప్రభువు చెప్పినట్టు ఒక యువకుడు ప్రసంగించగా మేము విన్నాము. అతడు నిఘంటువు చూశాడు, కానీ ఈ కాలపు నిఘంటువు చూశాడు.
– లెట్: నేడు అనుమతించు. 2 థెస్సలొనీకయులు 2:7లో 'అడ్డగించు'. పూర్తిగా తలకిందులైన మాట.
– ప్రివెంట్: నేడు ఆపు. 1 థెస్సలొనీకయులు 4:15లో 'ముందుగా వెళ్లు'.
– కాన్వర్సేషన్: నేడు సంభాషణ. ఫిలిప్పీయులు 1:27లో 'ప్రవర్తన'.
– పెక్యూలియర్: నేడు వింతైన. 1 పేతురు 2:9లో 'సొత్తైన'.
– చారిటీ: నేడు దానధర్మం. 1 కొరింథీయులు 13లో 'ప్రేమ'.
– క్విక్: నేడు త్వరగా. విశ్వాస ప్రమాణపు పాత పాఠంలో 'సజీవులు'.

పాత ఇంగ్లీషు బైబిలు చదివేవారు పక్కన తెలుగు బైబిలు తెరిచి పెట్టుకుంటే మొదటి ఆరు చోట్లా అర్థం వెంటనే తేలిపోతుంది.

సంఘంలో వాడే మాటలు

కొన్ని మాటలు ఆదివారం ఆదివారం వాడుతూనే ఉంటాము, లోపల ఏముందో చూడము.

– డయొసిస్ (అధ్యక్ష మండలం): మొదటి 'డ' మీద ఊనిక. గ్రీకులో ఇంటి నిర్వహణ అని అర్థం, రోమా ప్రభుత్వపు పరిపాలనా విభాగానికీ ఆ పేరుండేది. బహువచనం 'డయొసీజ్'.
– పారిష్: పరాయి చోట కాపురముండడం అనే అర్థమున్న గ్రీకు మాట దీని మూలం. స్థిరమైన ఆస్తి హద్దుల కోసం తగవులాడుకునే పారిషులు ఈ అర్థం ఒకసారి చదవాలి.
– ప్రెజ్బిటర్: పెద్ద. 'ప్రీస్ట్' అనే మాట దీని నుండే పుట్టింది.
– డీకన్: పరిచారకుడు.
– యూకరిస్ట్: కృతజ్ఞతాస్తుతి.
– మాండీ థర్స్‌డే: 'మండే' అని చదివి సోమవారమా గురువారమా అని అడిగినవారున్నారు. 'మా' దీర్ఘం. లాటినులో ఆజ్ఞ అనే మాట నుండి వచ్చిందని చెబుతారు, యోహాను 13:34లోని కొత్త ఆజ్ఞను బట్టి.
– లెంట్: పాత ఇంగ్లీషులో వసంతకాలం. ఉపవాసం అనే అర్థం ఈ మాటలో లేదు, కాలాన్ని బట్టి పేరు నిలిచింది.
– ఎపిఫనీ: రెండవ అక్షరం 'పి' మీద ఊనిక. ప్రత్యక్షత అని అర్థం. 1939లో ప్రతిష్ఠించిన డోర్నకల్ కెథడ్రల్ పేరు ఇదే. అక్కడి బిషపు, 1912 డిసెంబరు 29న అభిషేకం పొందిన తొలి భారతీయ ఆంగ్లికన్ బిషపు, అజర్యా గారు. ఆయన పేరు ఇంగ్లీషులో 'ఆజరయా'. 'యెహోవా సహాయము చేసెను' అని అర్థం.
– నేవ్: దేవాలయంలో విశ్వాసులు కూర్చునే నడిమి భాగం. లాటినులో ఓడ అనే మాటతో దీన్ని ముడిపెడతారు.

మన ఊరి పేర్లు

ఇప్పుడు వేదిక దిగి వీధిలోకి వద్దాం. మూసీకి దక్షిణాన ఉండే మాకు, రోజూ దాటే వంతెనలూ బజార్లూ ఒక బడి వంటివే.

చాదర్‌ఘాట్ వంతెనకు ఆలిఫంట్ వంతెన అని పాత పేరు, మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన కర్నల్ ఆలిఫంట్ పేరు మీద. 'ఆలిఫంట్' అంటే పాత ఇంగ్లీషులో ఏనుగు, ఏనుగు దంతంతో చేసిన బూరకూ ఆ పేరు ఉంది. 'కర్నల్' మాటలో కూడా రాసేది ఒకటి, పలికేది ఒకటి. 'ఎల్' రాసి 'ర్' పలుకుతారు.

వంతెన దాటితే కోఠి. కొత్తగా వచ్చినవారు బోర్డు మీది ఇంగ్లీషు అక్షరాలు చూసి నూరు లక్షల 'కోటి' అనుకుంటారు. అది ఉర్దూ 'కోఠీ', పెద్ద భవనం. ఆ భవనం బ్రిటిష్ రెసిడెన్సీ, కట్టించినవాడు రెసిడెంటు జేమ్స్ అకిలీజ్ కర్క్‌పాట్రిక్. స్కాట్లాండు పలుకులో 'కర్క్' అంటే చర్చి, కాబట్టి ఆయన ఇంటిపేరు 'పాట్రిక్ చర్చి'. చర్చి, కర్క్ రెండూ 'ప్రభువునకు చెందినది' అనే గ్రీకు మాట నుండి వచ్చాయి. మన 'సంఘము' మాత్రం కొత్త నిబంధనలోని 'ఎక్లేసియా'కు, అంటే పిలువబడి కూడినవారికి, తెలుగు. ఒక మాట ఎవరి సొత్తో చెబుతుంది, రెండవది ఎవరు కూడారో చెబుతుంది. మనకు రెండూ కావాలి.

మలక్‌పేట పక్కన మూసారాంబాగ్. ఆ పేరులో మూసా, అంటే మోషే, ఉన్నాడని అనుకునేవారున్నారు. అక్కడున్నది ఫ్రెంచి సేనాని మెస్యూ రేమోఁ. నిజాము కొలువులో పనిచేసి 1798లో చనిపోయాడు. ఫిరంగులు పోసిన గన్‌ఫౌండ్రీ కూడా ఆయన పెట్టించినదే. ఆయన పేరును హిందువులు 'మూసా రామ్' అనీ, ముస్లిములు 'మూసా రహీమ్' అనీ పలికారు. తప్పు పలుకే. కానీ ఆ తప్పులో ఒక పరాయివాణ్ణి తమవాడిగా చేసుకున్న ప్రేమ ఉంది.

దారుల్‌షిఫా అంటే స్వస్థతా గృహం, కుతుబ్‌షాహీల నాటి వైద్యశాల పేరు. యోహాను 5వ అధ్యాయంలోని బేతెస్దను 'కనికరపు ఇల్లు' అని వివరిస్తారు, బేత్లెహేము 'రొట్టెల ఇల్లు'. అరబ్బీ 'దార్', హెబ్రీ 'బేత్' రెండూ ఇల్లే.

సికింద్రాబాదు మూడవ నిజాము సికందర్ జా పేరు మీద 1806లో వెలసింది. సికందర్ అంటే అలెగ్జాండరే. అపొల్లో పుట్టిన అలెక్సంద్రియ (అపొస్తలుల కార్యములు 18:24), మన సికింద్రాబాదు పేరుకు అన్నదమ్ములు.

గొల్లకొండ అంటే గొల్లల కొండ, మందలు కాసేవారి కొండ. దాన్ని ఇంగ్లీషువారు 'గోల్కొండ' చేసి, తరగని సంపద అనే అర్థంలో తమ నిఘంటువులోనే చేర్చుకున్నారు. అమెరికాలో ఇలినాయ్, నెవాడా రాష్ట్రాల్లో ఆ పేరుతో ఊళ్లున్నాయి.

తిరుమలగిరిని వారు 'ట్రిమల్‌గెరీ' అన్నారు, మచిలీపట్నాన్ని 'మసూలిపటం' అన్నారు. ఎవరూ నవ్వలేదు, బోర్డులు రాయించి నిలబెట్టారు. వారు మన ఊరి పేరు తప్పు పలికితే పటం మీదికెక్కింది. మన అమ్మాయి వారి మాట తప్పు పలికితే వెనుక బల్లల్లో నవ్వు అయింది. ఈ తేడా గురించి కాస్త ఆలోచించండి.

బంధువులున్న ఊళ్లు

ప్రార్థన మనవుల్లో చదివే విదేశీ పేర్లు కూడా కొన్ని చెప్పి ముగిస్తాము. ఇలినాయ్ చివర 'ఎస్' పలకదు. ఆర్కన్సా కూడా అంతే. కనెటికట్ నడుమ 'సి' పలకదు. లెస్టర్, వుస్టర్, గ్రెనిచ్, ఎడిన్‌బరా: ఇవి రాసినట్టు పలకవు. శాన్ హోజే అంటే పరిశుద్ధ యోసేపు, మన గన్‌ఫౌండ్రీ కెథడ్రల్ పేరే. టెక్సస్‌లోని కార్పస్ క్రిస్టీ అంటే క్రీస్తు శరీరం.

చదువరులకు, వినేవారికి

చదివేవారు పాఠాన్ని శనివారంలోగా మూడుసార్లు పైకి చదవండి. కఠినమైన పేర్ల పక్కన పెన్సిలుతో తెలుగులో పలుకు రాసుకోండి, అందులో నామోషీ లేదు. ఇంగ్లీషు మాటలో ఒక అక్షరం మీదే బరువు పడుతుంది, ఆ అక్షరం కింద గీత గీసుకోండి. ఫోనులో పలుకు వినిపించే నిఘంటువులున్నాయి, వినండి. అయినా వేదిక మీద పేరు తడబడితే ఆగవద్దు, క్షమాపణ చెప్పవద్దు. మెల్లగా, ధైర్యంగా ముందుకు చదవండి.

వినేవారికి ఒక్కటే మనవి. నెహెమ్యా 8:8లో లేవీయులు గ్రంథాన్ని స్పష్టంగా చదివి జనులకు అర్థం తెలియజేశారు. ఆ దినాన జనులు విని ఏడ్చారు. చదివేవాని పలుకు విని నవ్వినట్టు అక్కడ రాయబడలేదు. సరిచేయాలనిపిస్తే ఆరాధన అయ్యాక పక్కకు పిలిచి, ఒక్కసారి పలికి వినిపించండి. మాకు అలా చెప్పినవారు ఉన్నారు గనుకనే ఈ పట్టిక రాయగలిగాము.

ఆ అమ్మాయి ఇంటికి మేము వెళ్లివచ్చాము. ఆ పూట మేము మౌనంగా ఉన్నందుకు క్షమాపణ అడిగాము. చదువుతానని ఆమె ఇంకా మాట ఇవ్వలేదు. ఈ పట్టిక మొదటి ప్రతి ఆమెకే ఇచ్చాము. వచ్చే నెల జాబితాలో ఒక పాఠం ఎదుట పేరు రాయకుండా ఖాళీ ఉంచాము.

చదువువానిని, వినువారిని ప్రభువు దీవించును గాక.